పేలాల పొట్లంలో ఎవరి హిస్సా ఎంత?

పోయిన ఏడు మే నెలలో మా అమ్మ బహ్రెయిన్ వచ్చింది. మెట్‌పల్లి దగ్గర మా పల్లె నుంచి హైదరాబాదు దాకా బస్సు, అక్కణ్ణించి విమానం. సంచిలో మక్కపిండి, చింతపండు, కొత్త ఆవకాయ, బీపీ గోలీలు. ఆవకాయ సీసా తీసి వంటింటి పై అరలో, ఆమె చెయ్యి అందని చోట పెట్టాను. "ఉప్పు తగ్గించమన్నాడు కదమ్మా డాక్టరు" అన్నాను. ఏమీ అనలేదు గాని, సీసా వంక మాత్రం ఒకసారి చూసింది.

మేముండేది గుదైబియాలో. కింద మన కిరాణా కొట్లు, పక్క సందులో దోసెల హోటలు. చలికాలమైతే అమ్మను సముద్రం ఒడ్డుకో బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గరి పాత బజారుకో తిప్పేవాళ్ళం. మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ అది కుదరదు. రాత్రి తొమ్మిదింటికి బయటికెళ్ళినా ఉక్కకు కళ్ళద్దాల మీద ఆవిరి పట్టేస్తుంది. పొద్దంతా పొలం గట్ల మీద తిరిగే మనిషి మూడో అంతస్తులో ఏసీ కింద దుప్పటి కప్పుకుని కూచుంది. నేనూ మా ఆయనా పొద్దున పోతే సాయంత్రం వస్తాం. మావాడికి పదకొండేళ్ళు. వాడి తెలుగు సగం ఇంగ్లీషు, అమ్మ తెలుగు సగం మా ఊరి యాస. మొదటి వారం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకోవడంతోనే సరిపోయింది.

వాళ్ళిద్దరినీ కలిపింది మైక్రోవేవ్ పాప్‌కార్న్.

ఒక రాత్రి మావాడు పొట్లం ఓవెన్‌లో పెట్టాడు. రెండున్నర నిమిషాలు టపటపా చప్పుడు. అమ్మ లేచొచ్చి అద్దంలోంచి తొంగి చూసింది. చదునుగా ఉన్న కాగితం సంచి ఉబ్బి తిరుగుతోంది. "ఏందిరా ఇది, మంగలం లేదు, ఇసుక లేదు, మక్క ప్యాలాలు అయితున్నయి!" అంది. వాడు గిన్నెలో పోసి ఇచ్చాడు. రెండు నమిలి, "ప్యాలాలే. జెర నెయ్యి వాసన ఉన్నది" అంది. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదింటికి టీవీ ముందు అమ్మమ్మా మనవడూ, మధ్యలో ఒక గిన్నె. వాడు సినిమా కథ చెప్పేవాడు, ఆమె ఊరి కథ చెప్పేది. నాకు ఎంత నిశ్చింతగా ఉండేదో! చిప్స్ కాదు, సమోసాలు కాదు, పేలాలే కదా. పేలాలకన్నా తేలికైన తిండి ఏముంటుంది అనుకున్నాను.

జూన్ చివర్లో అమ్మ పాదాలు వాచాయి. తలనొప్పి అంది. క్లినిక్‌కు తీసుకెళితే బీపీ 170/100. డాక్టరు మలయాళీ ఆవిడ, ఓపిగ్గా అన్నీ అడిగింది. గోలీలు వేళకు వేస్తున్నారా? వేస్తున్నాం. పచ్చళ్ళు? లేవు. అప్పడాలు? లేవు. కూరలో ఉప్పు? సగానికి తగ్గించాను. నడక? లేదు. "రాత్రి భోజనం తర్వాత ఏమైనా తింటారా?" అని అడిగింది. "పాప్‌కార్న్, అంతే" అన్నాను కొంచెం గర్వంగానే. ఆవిడ రాయడం ఆపి, "ఇంట్లో చేసిందా, పొట్లమా?" అంది.

గోలీ మార్చింది. కొన్ని బీపీ గోలీల వల్ల కూడా కాళ్ళు వాస్తాయట. నడక లేకపోవడం, ఊరు మారడం, నిద్ర తగ్గడం, ఇవన్నీ ఉన్నాయంది. కాబట్టి మొత్తం నేరం పాప్‌కార్న్ మీద మోపడం న్యాయం కాదు. కాని ఇంటికొచ్చి ఆ పొట్లం అట్టపెట్టె తీసి, వెనకవైపు మొదటిసారి చదివాను. ఆవకాయ సీసా దాచినదాన్ని, ఇన్ని వారాలు ఇది చదవలేదు.

ఇక్కడ అమ్మే పెట్టెల మీద ఇంగ్లీషుతో పాటు అరబ్బీ కూడా ఉంటుంది. మావాడు బళ్ళో అరబ్బీ నేర్చుకుంటున్నాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు: "హజ్మ్ అల్ హిస్సా". వెంటనే అమ్మ అంది, "హిస్సా అంటే వాటా కదరా! భూమి పంచుకున్నప్పుడు నీ హిస్సా ఎంత, నా హిస్సా ఎంత అంటరు." వాడికి భలే ఆశ్చర్యం వేసింది. అరబ్బీ మాట ఉర్దూ మీదుగా మా ఊరి పొలం గట్టు దాకా ఎప్పుడో వచ్చేసింది మరి. ఇంగ్లీషులో 'సర్వింగ్' అని చదివితే నాకు తట్టని సంగతి, హిస్సా అనగానే తట్టింది. పెట్టె మీద రాసిన అంకెలు పొట్లానివి కావు, ఒక వాటావి. మా పొట్లం వంద గ్రాములు, అందులో వాటాలు మూడు.

ఒక్కో వాటాకు 170 కేలరీలు, 10 గ్రాముల కొవ్వు, అందులో 5 గ్రాములు సంతృప్త కొవ్వు, 3 గ్రాముల పీచు, 300 మిల్లీగ్రాముల సోడియం. చూడ్డానికి అంత భయపెట్టేవేమీ కావు. మూడుతో గుణిస్తే పొట్లానికి 510 కేలరీలు, 30 గ్రాముల కొవ్వు, 900 మిల్లీగ్రాముల సోడియం. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. అంటే రెండుంబావు గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు, అంతకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సుమారు ఒక టీ చెంచాడు. మావాడు సగంలో నిద్రపోతాడు. గిన్నె ఖాళీ చేసేది అమ్మే, పారెయ్యడం ఆమెకు చేతకాదు. మూడు వాటాల్లో రెండు ఆమెవే. అంటే రోజు పరిమితిలో దాదాపు మూడో వంతు ఉప్పు, రాత్రి పడుకోబోయే ముందు, ప్రతి రోజూ. మక్కజొన్నలో స్వతహాగా ఉండే సోడియం లెక్కలోకి రానంత తక్కువ. ఇదంతా పైనుంచి కలిపిందే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు మూడు రోజులు దీని గురించే చదివాను. నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మీ ఇళ్ళల్లోనూ ఈ పొట్లాలు ఉంటాయి కదా.

ముందుగా గింజ సంగతి. అన్ని మక్కలూ పేలవు. పేలే రకానికి పైపొట్టు గట్టిగా, ఆవిరి బయటికి పోనివ్వకుండా ఉంటుంది. లోపల సుమారు 14 శాతం తేమ. వేడి ఎక్కేకొద్దీ ఆ తేమ ఆవిరై, లోపలి పిండి మెత్తబడి, పొట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. సుమారు 180 డిగ్రీల దగ్గర పొట్టు తట్టుకోలేక పగులుతుంది, పిండి నురగలా పొంగి అక్కడికక్కడే గట్టిపడుతుంది. మంగలంలో ఇసుక చేసే పని గింజకు అన్ని వైపులా ఒకేలా వేడి అందించడం. మైక్రోవేవ్ తరంగాలు లోపలి తేమనే వేడి చేస్తాయి. దానికి తోడు సంచి అడుగున పల్చటి లోహపు పూత ఉన్న పొర ఒకటి ఉంటుంది, అది పెనంలా కాగుతుంది. 'ఈ వైపు పైకి' అని సంచి మీద రాసేది అందుకే.

అమ్మ అడిగింది, "ఆ డబ్బాల కరెంటు తిండిలకు వస్తదా?" అని. రాదు. ఆ తరంగాలు తిండిని వేడి చేస్తాయి, అంతే. ఓవెన్ ఆగగానే అవీ ఆగిపోతాయి, తిండిలో ఏమీ మిగలవు. అసలు మైక్రోవేవ్‌కూ పేలాలకూ చుట్టరికం పుట్టుకతోనే ఉంది. 1945లో అమెరికాలో రేథియాన్ అనే కంపెనీలో రాడార్ గొట్టాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులో ఉన్న మిఠాయి కరిగిపోయిందట. ఆ తర్వాత ఆయన పరీక్షించి చూసినవాటిలో పాప్‌కార్న్ గింజలు మొదటి వరసలో ఉన్నాయి. ఇక పేలాలు తినడం మనిషికి ఎంత పాతదంటే, పెరూ తీరంలో తవ్వకాల్లో దొరికిన మక్కజొన్న ఆనవాళ్ళను బట్టి అక్కడివాళ్ళు 6,700 ఏళ్ళ కిందటే పేలాలు తిన్నారని 2012లో ప్రకటించారు.

నూనె, ఉప్పు లేకుండా పేల్చిన మక్కజొన్న నిజంగానే మంచి తిండి. పొట్టూ మొలకా పిండీ ఏదీ పోని ముడి ధాన్యం అది. వంద గ్రాములకు సుమారు 387 కేలరీలు, 13 గ్రాముల మాంసకృత్తులు, నాలుగున్నర గ్రాముల కొవ్వు, పధ్నాలుగున్నర గ్రాముల పీచు. కాని వంద గ్రాముల పేలాలు ఒక మనిషి తినలేడు, అదొక బకెట్టు. ఒక కప్పు తూకం 8 గ్రాములే. మూడు కప్పులు తింటే 90 కేలరీల పైచిలుకు, మూడున్నర గ్రాముల పీచు. రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలంటారు, దాంట్లో ఇది తక్కువేమీ కాదు. పొట్టలో జాగా ఎక్కువ తీసుకుంటుంది, నమలాలి, నెమ్మదిగా తింటాం. మైక్రోవేవ్‌లో పేల్చినంత మాత్రాన ఈ గుణం పోదు. ఆ పొట్లంలో కూడా పీచు 9 గ్రాములు ఉంది. గింజ అదే. దాని మీద పోసిందే వేరు.

పోసింది ఏమిటి? ఒకప్పుడు చాలా పొట్లాల్లో పాక్షికంగా హైడ్రోజనేటెడ్ నూనె, అంటే వనస్పతి లాంటిది ఉండేది. అందులోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చెరుపు. అమెరికా 2015లో దాన్ని వద్దని తేల్చింది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, ఆహార పదార్థాల కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని నియమం. దాని చోట్లో ఇప్పుడు ఎక్కువగా పామాయిల్ వచ్చింది. ట్రాన్స్ కొవ్వు కన్నా నయమే. కాని పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. మా పెట్టె మీద పదింట అయిదు అని ఉన్నది అదే.

అమ్మ 'నెయ్యి వాసన' అన్నది నెయ్యి కాదు, వెన్న కూడా కాదు. వెన్నలో సహజంగా ఉండే డయాసిటైల్ అనే పదార్థాన్ని విడిగా తయారుచేసి పొట్లాల్లో వాడేవారు. తింటే పెద్దగా హాని లేదు, ఆవిరిగా పీలిస్తేనే ప్రమాదం. 2000లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒకే పాప్‌కార్న్ కర్మాగారంలో పనిచేసిన 8 మందికి ఊపిరితిత్తుల సన్న గొట్టాలు మూసుకుపోయే జబ్బు వచ్చినట్టు బయటపడింది. దానికి 'పాప్‌కార్న్ ఊపిరితిత్తి' అనే పేరే పడిపోయింది. పనివాళ్ళ కష్టం వెలుగులోకి రావడానికి అంతకాలం పట్టింది. 2007లో, ఏళ్ళ తరబడి రోజూ పొట్లాలు పేల్చుకుని తిన్న ఒక వినియోగదారుడికి కూడా అలాంటి జబ్బే కనిపించిందని డెన్వర్ డాక్టరు ఒకరు ప్రభుత్వానికి రాశారు. ఆ ఏడే అక్కడి పెద్ద కంపెనీలు డయాసిటైల్ మానేస్తున్నామని ప్రకటించాయి. సంచి కాగితానికి నూనె అంటకుండా వాడే పీఎఫ్ఏఎస్ రసాయనాలది ఇంకో కథ. అవి ఒంట్లోంచి, నేలలోంచి తొందరగా పోవు. తిండి కాగితాలకు వాటిని పూయడం అమెరికాలో ఆగిపోయిందని అక్కడి ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. మిగతా దేశాల్లో అమ్మే ప్రతి సంచికీ ఇది వర్తిస్తుందనుకోకూడదు.

ఇవన్నీ చదివి నేనేమీ హడలిపోలేదు. నెలకోసారి సినిమాకు పోయి తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. సౌదీలో 2018 దాకా సినిమా హాళ్ళు ఉండేవి కావు. వారాంతం వస్తే 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటి వచ్చి ఇక్కడి హాళ్ళలో కుటుంబాలతో సినిమా చూసి వెళ్ళేవారు. వాళ్ళ చేతుల్లో పాప్‌కార్న్ బకెట్లు పండగలా ఉండేవి. అది వేడుక. మా ఇంట్లో జరిగింది వేరు. వేడుకను రోజువారీ తిండిగా చేసుకుని, పైగా ఆరోగ్యమని పేరు పెట్టుకున్నాం. మన జీఎస్టీ మండలి 2024 డిసెంబరులో జైసల్మేరులో కూచుని, ఉప్పు కారం కలిపిన విడి పాప్‌కార్న్‌కు 5 శాతం, పొట్లం కట్టి పేరు పెట్టినదానికి 12, పంచదార పాకం పట్టినదానికి 18 అని వివరణ ఇస్తే అందరం నవ్వుకున్నాం. గింజ ఒకటే అయినా దాని మీద ఏం పోశారన్నదాన్ని బట్టి వస్తువు మారుతుందని పన్నులవాళ్ళకు తెలిసింది, నాకు తెలియలేదు.

మర్నాటి రాత్రి తొమ్మిదయింది. "ఇవాళ పాప్‌కార్న్ లేదు" అన్నాను. మావాడు తన గదిలోకి పోయి ఫోను పట్టుకున్నాడు. అమ్మ కాసేపు టీవీ చూసి లేచి పడుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మ అంది, "ఉప్పు వద్దంటే వద్దు బిడ్డా. గని పోరగాడు నా దగ్గర కూసునుడు బందైంది."

అప్పుడు అర్థమైంది, నేను లెక్కేసింది పొట్లాన్నే. ఆ గిన్నెలో ఇంకోటి కూడా ఉంది. అది పోకుండా ఉప్పు మాత్రం తీసెయ్యాలి.

కింద కొట్లో పేలాల మక్కలు అరకిలో అర దీనారు లోపే దొరికాయి. దళసరి అడుగున్న గిన్నెలో ఒక చెంచా నూనె, గుప్పెడు గింజలు, పైన మూత. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య రెండు సెకన్లు ఎడం రాగానే దించడం. ఓవెన్‌లోనే కావాలంటే వేడికి తట్టుకునే గాజు గిన్నె, దాని మీద అలాంటిదే ప్లేటు. సామాన్లు తెచ్చిన కాగితం సంచులు మాత్రం వద్దు, అంటుకునే ప్రమాదం ఉంది. నలభై గ్రాముల గింజలు, చెంచా నూనె కలిపి 200 కేలరీల లోపే, ఇద్దరికి సరిపోయింది. మొదటిరోజు మావాడు "చప్పగా ఉంది" అని మొహం ముడిచాడు. అమ్మ పోపు డబ్బా తెచ్చి వేయించిన జీలకర్ర పొడి, మిరియాలు, కాస్త పసుపు చల్లింది. వాడు నిమ్మకాయ పిండాడు. నాలుగో రోజుకు అలవాటైపోయింది. షుగరు ఉన్నవాళ్ళు ఇదైనా కొలత చూసుకునే తినాలి, ధాన్యం ధాన్యమే. నాలుగేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ఏ పేలాలూ పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

ఒక సాయంత్రం మా పక్కింటి బహ్రెయినీ ఆవిడ గిన్నెలో వేడివేడి 'నఖీ' పంపింది. అమ్మ మూత తీసి నవ్వింది, "శనగ గుగ్గిళ్ళు!" నిజమే, ఉడికించిన శనగలే. ఇక్కడివాళ్ళకు అది సాయంత్రపు చిరుతిండి. ఆ రాత్రి పేలాలూ శనగలూ కలిపి తిన్నారు. అది మంచి జత కూడా. మక్కల మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ, పప్పుధాన్యాల్లో అది దండి. ఒక్క ధాన్యాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మన దక్కనులోనే చూశారు. జొన్నలే ప్రధాన ఆహారమైన పేదల్లో వచ్చే పెల్లాగ్రా అనే జబ్బు మీద 1960 ప్రాంతంలో హైదరాబాదులో గోపాలన్, ఆయన సహచరులు పరిశోధన చేశారు. ఆ పరిశోధనశాలే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. జొన్న చెడ్డదని కాదు, జొన్నకు తోడు కావాలని.

జూలై 6, ఆదివారం తొలి ఏకాదశి. మా ఊళ్ళో ఆ రోజు జొన్న ప్యాలాలు చేసి, ఇసుక జల్లించి, విసిరి, బెల్లం యాలకులు కలిపి ప్యాలపిండి చేస్తారు. ఇక్కడ మంగలం లేదు, ఇసుక మాత్రం దేశమంతా ఉంది. "పోయి జెర తెద్దునా?" అని అమ్మ హాస్యమాడింది. జొన్నలు మూకుట్లో వేస్తే సగం పేలాయి, సగం మాడాయి. పేలినవాటికి మక్క పేలాలు, పుట్నాలు కలిపి మిక్సీ పట్టింది. బెల్లం తురిమే పని మావాడిది. ఉప్పు అసలు లేదు. నోటినిండా పిండి పోసుకుని "అమ్మమ్మా" అనబోయి వాడు తుమ్మితే, గదంతా తెల్లగా అయింది.

ఆగస్టులో అమ్మ ఊరెళ్ళేముందు చివరిసారి చూపిస్తే బీపీ 134/84. గోలీ మార్చినందువల్లా, ఉప్పు తగ్గినందువల్లా, సాయంత్రాలు మాల్‌లో నడిపించినందువల్లా, ఏది ఎంతో నేను చెప్పలేను. వెళ్ళేరోజు పై అరలోంచి ఆవకాయ సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నీ హిస్సా. నీకింకా బీపీ రాలేదు" అంది.

ఇప్పుడు శుక్రవారం రాత్రి వీడియో కాల్‌లో మావాడు గిన్నె చూపిస్తాడు. అక్కడ అమ్మ ఒళ్ళో కూడా ఒక గిన్నె ఉంటుంది. అట్టపెట్టె ఒకటి మా అలమరలో ఇంకా మిగిలే ఉంది, సినిమా రోజు కోసం. దాని వెనకవైపు మావాడు స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాశాడు: 'మూడుతో గుణించు'.